గంట లెక్క

నాది నెల జీతం కాదు, గంట జీతం.
అంకీసా బడిలో ఆ గంట
రైలే రాని ఊళ్లో వేలాడదీసిన
రైలు పట్టా ముక్క.
సూరయ్య తాత దాన్ని కొడితే
నాకు డెబ్బై ఐదు రూపాయలు.
కొట్టకపోతే లేవు.

పొలాల అమాస నాడు కొట్టడు.
ప్రాణహిత పొంగి
సిరొంచ నుంచి ఎర్ర బస్సు ఆగిన నాడు కొట్టడు.
పదో తరగతి పరీక్షలకు మా గదులు తీసుకుంటే
పన్నెండు రోజులు ఆ ఇనుము మీద
పిచ్చుక కూసుంటది.

వడ్డీకి ఈ గంటలు వినబడవు.
నేను పండుకున్నంక కూడా
అది నడుస్తనే ఉంటది.

చంద్రాపూర్ల బీఎడ్ చదువుకు
బ్యాంకు రెండు లక్షల పదివేలు ఇచ్చింది.
జామీను మా మేనమామ రాజన్న.
ఫారం నింపేటప్పుడు చెయ్యి వణికి
తన పేరుల మొదటి అక్షరం రెండుసార్లు రాసిండు.
బ్యాంకాయన నవ్వి, పర్వాలేదు లెండి అన్నడు.
ఇప్పుడు నోటీసులు
ఆ పేరు మీదనే వస్తున్నయి,
తప్పు కూడ సక్కగ అచ్చయి:
రారాజన్న గారికి.
వాడకట్టు పిల్లలు అట్లనే పిలుస్తరు.
మామ పలుకుతడు.
ఒక్కసారన్నా నన్నేమన్నా అంటే బాగుండు.

ఎనిమిదో తరగతికి చక్రవడ్డీ.
బోర్డు మీద మరాఠీల రాస్త,
తెలుగుల విడమరుస్త,
వెనక బెంచీలకు మాడియాల
వాళ్లకు వాళ్లే చెప్పుకుంటరు.
ఆ రోజు పుస్తకం మూసి నా లెక్కే ఇచ్చిన.
పేరు రాయలే.
"ఒకామె అప్పు రెండు లక్షల పదివేలు.
ఏడాదికి నూటికి పదిన్నర.
తిండి, బస్సు పోను నెలకు మిగిలేది
పదిహేను వందలు.
ఎన్నేండ్లకు తీరుతది?"

తలాండి జైబాయి నోటుబుక్కు రెండు పేజీలు నింపి
లేచి నిలబడ్డది.
"మేడం, లెక్క తప్పిచ్చిండ్రు.
ఈమెది పెరుగుతనే ఉన్నది."
ఇంకోసారి చెయ్యమన్న.
చేసింది.
పెన్సిల్ కొరుకుతూ అడిగింది:
"ఎండాకాలం బడి ఉండదు గద,
అప్పుడు ఈమె ఏం జేస్తది?
అది రాయలే మీరు."

సుద్దముక్క అరిగిపోయిందన్న.
తాత గంట కొట్టిండు.

మే నెల.
ఇంకా తెల్లారకముందే తునికాకుకు పోతున్నం.
నా ఇంటిపేరు ఆకుదారి,
అమ్మలక్కలు అప్పుడే ఒక జోకు చేసిండ్రు,
ఆకుల దారే పట్టింది పిల్ల అని.
డెబ్బై ఆకులకు ఒక కట్ట.
నాకు నడుము వంగదు,
నారతో కట్టుడు రాదు,
గోర్ల సందుల సుద్ద పోయి
ఆకు పసరు చేరింది.

మూడో రోజు చూసిన,
జైబాయి తల్లితోని వచ్చింది.
నన్ను చూసి దండం పెట్టబోయి
చేతుల నిండ ఆకులుంటే ఆగింది.
నా పక్కనే కూసుంది. ఏమీ అడగలే.
నేను కట్టిన కట్ట తీసుకొని
పెదవులు కదలకుంట లెక్కవెట్టి,
"అరవై ఎనిమిది" అన్నది,
తన ఒళ్లో నుంచి రెండు ఆకులు తీసి పెట్టి
ముడి బిగించింది.

పొద్దుగూకే యాళ్లకు కళ్లం కాడ
మున్షీ నా పేరు కింద కూడిక వేసిండు.
అలవాటు కొద్ది చూసిన.
పది కట్టలు తక్కువ.
చెప్పిన.
ఆయన చెవి గోక్కొని దిద్దిండు.

అంతే, నా వెనక ఆడోళ్లంత
కార్డులు పట్టుకొని నిలబడ్డరు.
మాది చూడు బిడ్డా.
మాది గూడ.
ఎవరో ఫోన్ లైటు వేసిండ్రు,
ఆకు వాసనల, దోమల మధ్య
హచ్చు వేసుకుంట, దించుకుంట,
ఎవరికి ఎన్ని పోయినయో చెప్పుకుంట
ఎంతసేపు కూసున్ననో తెల్వదు.

ఏ గంటా కొట్టలే.